మూలబడిన మోటారు: ఇంధనమార్గ శుద్ధి

కృష్ణా తుంగభద్రల నడుమ నున్న నడిగడ్డలో గాని, వనపర్తి సంస్థానపు పాత వీధులలో గాని, నల్లమల అంచుల దాక వ్యాపించిన నాగర్‌కర్నూలు జిల్లాలో గాని, పెద్ద ఇండ్ల పెరళ్లను, మూతబడిన మిల్లుల ఆవరణములను పరికించువారికి, టార్పాలిను క్రింద నాలుగు చక్రములును గాలి దిగి నేలకు కరచుకొని, బానెట్టు మీద వేపాకు పేరుకొనిన ఒక అంబాసిడరో, ప్రీమియర్ పద్మినియో, మొదటి తరపు మారుతి 800యో కనబడుట అపూర్వము కాదు. కొన్నవారు గతించుట, పిల్లలు హైదరాబాదునకో విదేశములకో తరలిపోవుట, విడిభాగములు దొరకకపోవుట మొదలగు కారణములచే మూలబడిన ఇట్టి వాహనమును మరల రోడ్డెక్కింపవలెనను కోరిక ఆ ఇంటిలో ఎవరికో ఒకరికి ఎప్పుడో ఒకప్పుడు కలుగుచునే యుండును. కలిగిన మరునాడు వారు చేయు పని సాధారణముగ ఒక్కటే: కొత్త బ్యాటరీ బిగించి, ట్యాంకులో ఐదు లీటర్ల పెట్రోలు పోసి, తాళము త్రిప్పుట. కారును రక్షింపబూనినవారు దానికి చేయగల మొదటి అపకారము కూడ అదియే.

ఏలయన, ఏండ్ల తరబడి నిలిచిన కారులో చెడుగు ట్యాంకునందు పుట్టి, కార్బురేటరునందు బయటపడును. పుట్టినచోటికిని బయటపడుచోటికిని నడుమ సన్నని గొట్టము, పంపు, వడపోత జాలి మాత్రమే యుండును. తాళము త్రిప్పిన క్షణమున పంపు ట్యాంకు అడుగున పేరుకొన్న తుప్పును, నీటిని, బంకను ఊడ్చి తెచ్చి, మిల్లీమీటరులో సగమైనను లేని రంధ్రములలో దట్టించును. పిమ్మట మెకానిక్కు కార్బురేటరు విప్పి కడిగి బిగించును, రెండు రోజులు నడచి బండి మరల ఆగును, మరల విప్పును. జూరాల ప్రధాన కాలువలో పూడిక నుంచుకొని, చివరి పంటకాలువను ఎన్నిమార్లు త్రవ్వినను మడికి నీరందదు గదా! ఇంధనమార్గమునందును శుద్ధి ఎగువనుండి దిగువకు రావలెను. ఈ క్రమ మేల ఇట్లుండవలెనో చెప్పునది రసాయనశాస్త్రము. కావున ముందుగ పెట్రోలు స్వభావమును విచారింతము.

పెట్రోలు ఏల ముదియును

పెట్రోలు ఏకపదార్థము కాదు. నాలుగు మొదలు పండ్రెండు వరకు కర్బన పరమాణువులు గల వందలాది హైడ్రోకార్బనుల మిశ్రమము. వీనిలో తేలికయైనవి సామాన్య ఉష్ణోగ్రతలోనే ఆవిరియగును. చల్లని ఇంజను మొదటి నిప్పురవ్వకే అందుకొనుటకు ఆధారమైనవి ఇవియే. బరువైనవి ఇంజను వేడెక్కిన తరువాతనే చక్కగ మండును. నిలువయున్న పెట్రోలులో ముందుగ జారిపోవునవి తేలికయైన భాగములు. అందువలన పాత పెట్రోలు చూపునకు పెట్రోలువలెనే యున్నను, సెల్ఫు ఎంత త్రిప్పినను ఇంజను పలుకదు.

ఇది మొదటి మార్పు మాత్రమే. రెండవది ఇంతకన్న గహనమైనది. శుద్ధికర్మాగారములలో బరువైన నూనెను విరుగగొట్టి చేసిన పెట్రోలులో, కర్బన పరమాణువుల నడుమ ద్విబంధములు గల ఆలిఫినులు అను అణువులు కొంత భాగముండును. ట్యాంకులోని గాలియందలి ఆక్సిజను వీనిపై పడి పెరాక్సైడులను సృజించును. అవి విచ్ఛిన్నమై స్వేచ్ఛా ప్రాతిపదికలను విడుచును. అవి మరికొన్ని అణువులను రెచ్చగొట్టును. ఇట్లు గొలుసుగ సాగు చర్యలో చిన్న అణువులు ఒకదానితో నొకటి పెనవేసికొని, పెట్రోలులో కరగనంతటి పెద్దవై, జిగటగ గోడలకు పట్టుకొనును. దీనినే బంక యందురు. ఎండిన బంక పసుపు కలిసిన గోధుమవన్నె పూతయై, వార్నీషు వాసన కొట్టును. చాలకాలము మూసియున్న ట్యాంకు మూత తీయగనే ముక్కుపుటములకు తగులు ఆ పులిసిన ఘాటు దీనిదే.

ఈ చర్యను అడ్డుటకై తయారీదారులు పెట్రోలులో ఆక్సీకరణ నిరోధకములను స్వల్పముగ కలుపుదురు. పెట్రోలుకు సంబంధించిన భారతీయ ప్రమాణమగు ఐ.ఎస్. 2796 ఇందుకొక పరీక్షను విధించినది: గట్టి ఉక్కుపాత్రలో పెట్రోలును, దాదాపు 7 వాతావరణముల పీడనముగల ఆక్సిజనును చేర్చి 100 డిగ్రీల సెల్సియసున నుంచినచో, కనీసము 360 నిమిషముల వరకు ఆక్సిజనును విశేషముగ గ్రహింపరాదు. అయితే నిరోధకము శాశ్వతము కాదు. ఆక్సిజనుతో తలపడి తానే వ్యయమగుచుండును. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినకొలది ఇట్టి చర్యల వేగము ఇంచుమించు రెట్టింపగునను స్థూలసూత్రము ప్రకారము, 25 డిగ్రీల నీడలో నిలిచిన కారుకన్న, ఏప్రిలు మే నెలలలో గద్వాల ఎండకు 45 డిగ్రీల వరకు కాగిన కారులో పెట్రోలు నాలుగురెట్లు వేగముగ ముదియును. సీమలలో శీతాకాలమంతయు చెడకుండు ఇంధనము పాలమూరు వేసవిలో ఒక్క ఋతువునకే పులియుటలో ఆశ్చర్యమేమున్నది?

ఇందు మరొక సూక్ష్మమున్నది. రాగి ఈ ఆక్సీకరణమునకు ఉత్ప్రేరకము. తుప్పుపట్టిన ఇనుప గొట్టమును తీసి దాని స్థానమున సులువుగ వంగు రాగిగొట్టమును వేయు అలవాటు అచ్చటచ్చట కలదు. నిత్యము నడచు బండిలో పెట్రోలు అందు నిలువదు గనుక హాని అంతగ కనబడదు; నెలలకొలది నిలుచు బండిలో మాత్రము ఆ రాగియే బంకను పెంచును. అదిగాక అదురునకు రాగి పెళుసెక్కి పగులును. ఈ రెండు కారణములచేతను ఇనుప గొట్టమునకు ఇనుప గొట్టమే తగినది.

ట్యాంకు ఊపిరి: నీటి లెక్క

పాత ట్యాంకు అడుగున నీరు కనబడినప్పుడు, అది గాలిలోని తేమ చల్లబడి దిగినదని చెప్పుట పరిపాటి. ఈ మాటను లెక్కకు దింపి చూతము. నలుబది లీటర్ల ట్యాంకు సగము నిండియున్నదనుకొనుడు. మిగిలిన 20 లీటర్ల గాలి తెల్లవారుజామున 25 డిగ్రీలలో నుండి మధ్యాహ్నమునకు 40 డిగ్రీలకు కాగినచో, వ్యాకోచము వలన సుమారు ఒక లీటరు బయటికి పోవును. రాత్రి చల్లబడగనే అంతియే గాలి లోనికి వచ్చును. ట్యాంకు దినమునకొకమారు ఊపిరి తీయుచున్నదన్నమాట. ఇరువదియైదు డిగ్రీల వద్ద పూర్తిగ తేమపట్టిన ఒక లీటరు గాలిలో నీరు 0.023 గ్రాములకు మించదు. ప్రతిదినమును ఆ నీరంతయు లోపలనే నిలిచినదనుకొన్నను, ఏడాదికి సుమారు 8 గ్రాములే యగును.

బయటికి పోవు లీటరు సంగతి వేరు. తాజా పెట్రోలు మీది గాలిలో, 40 డిగ్రీల వేడికి, లీటరునకు ఒక గ్రామునకు పైగా పెట్రోలావిరి యుండును. అనగా మొదట్లో ఏడాదికి మూడు నాలుగు వందల గ్రాముల ఇంధనము, అందును స్టార్టింగునకు ప్రాణప్రదమైన తేలిక భాగము, ఈ ఊపిరిద్వారమున పోవును. నీరు చేరుటకన్న సారము పోవుట అనేకరెట్లు అధికమని దీనివలన తేటపడుచున్నది. కావున ట్యాంకులో గ్లాసెడు నీరు కనబడినచో గాలిని నిందింపక, పెట్రోలు పోయు మూత రబ్బరు వాషరును పరీక్షింపవలెను. ఎండకు పగిలిన ఆ వాషరునుండి ప్రతి వానకాలమునందును కారిన నీరే అది యగుట తరచు.

నీటికి తోడు తుప్పు. ట్యాంకులో పెట్రోలు మునిగియున్న గోడ చాలవరకు క్షేమముగ నుండును. పెట్రోలు లేని పైభాగము గాలికి తగిలి ముందుగ తుప్పుపట్టును. నీరు దిగిన అడుగుభాగమున చిన్న చిన్న గుంటలుగ తినివేయు తుప్పు పుట్టి, చివరకు సూదిబెజ్జములగును. నడుమ గోడ నున్నగ కనబడినంత మాత్రమున ట్యాంకు బాగున్నదని నిశ్చయింపరాదు.

ఏ సంవత్సరమున నిలిపితిరి?

మూలబడిన కారును చేపట్టినవారు యజమానిని అడుగవలసిన మొదటి ప్రశ్న ఇది; ఏలయన నిలిపిన యేటినిబట్టి ట్యాంకులోని ఇంధనపు కూర్పు మారును. భారతదేశమంతట సీసము కలిపిన పెట్రోలు 2000 ఫిబ్రవరి 1తో అంతరించినది. అంతకు ముందు నిలిచిన కారులో మిగిలిన ఇంధనమునందు, చర్మముద్వారా సైతము శరీరములోనికి చొరబారు విషపు సీస సమ్మేళన ముండవచ్చును. పెట్రోలులో ఇథనాలు, అనగా ఆల్కహాలు, కలుపు పథకము 2003లో 5 శాతముతో మొదలైనది. 2022 నాటికి దేశపు సగటు 10 శాతమునకు చేరినది. 2023లో 20 శాతపు ఇ20 విక్రయమునకు వచ్చి, 2025 నాటికి దేశమంతట వ్యాపించినది.

ఆల్కహాలునకు నీరనిన ప్రీతి. శుద్ధ పెట్రోలు లీటరునకు బొట్టు రెండు బొట్లకన్న నీటిని కరగించుకొనలేదు. 10 శాతము ఆల్కహాలు గలది సుమారు 5 మిల్లీలీటర్ల వరకు కరగించుకొనును. ఆ హద్దు దాటినంతనే ఒక విచిత్రము జరుగును: ఆల్కహాలు పెట్రోలును విడిచి నీటి పక్షము చేరి, రెండును కలిసి బరువైన పొరయై అడుగునకు దిగును. ఇరువది లీటర్ల ఇ10 పెట్రోలులో ఈ హద్దు సుమారు 100 మిల్లీలీటర్లు. పైన చూపిన ఊపిరిలెక్కన ఆ నీరు చేరుటకు పండ్రెండేండ్లు పట్టును. పగిలిన మూతనుండి మాత్రము ఒక్క తుఫాను చాలును. పంపు గొట్టము ట్యాంకు అడుగుననే యుండుటచే, ఇంజనునకు మొదట అందునది మండని ఆ పొరయే. అంతేగాక ఆ పొర కాలక్రమమున ఆమ్లగుణము వహించి, ఇనుమును, కార్బురేటరు దేహమైన జింకు మిశ్రలోహమును తినివేయును. విప్పిన కార్బురేటరు అడుగున కనబడు తెల్లని పొడి ఆ జింకు క్షయమే.

ఈ విభజనను కన్నులార చూడగోరువారు చేయదగిన ప్రయోగమొకటి కలదు. కొలతగీతలుగల గాజుపాత్రలో 100 మిల్లీలీటర్ల పెట్రోలు, 10 మిల్లీలీటర్ల నీరు పోసి, కదిపి, కొన్ని నిమిషములు నిలువనిచ్చినచో, అడుగుపొర పదివద్ద నుండక పైకి పెరిగియుండును. ఆ పెరిగిన మేర పెట్రోలులోనుండి నీరు లాగుకొనిన ఆల్కహాలు. ఇ20 అయినచో ఆ పొర దాదాపు ముప్పదివద్దకు వచ్చును. రాజప్రాసాదమున 1959 నుండి పాలిటెక్నిక్కు నడచుచున్న వనపర్తిలో, విద్యార్థులు గురువుల సమక్షమున, నిప్పు లేని ఆరుబయట చేయదగిన చక్కని పాఠమిది.

నిప్పు విషయము

పని ప్రారంభించుటకు ముందు మరియొక లెక్క. గాలిలో పెట్రోలావిరి 1.4 శాతమునుండి 7.6 శాతము వరకు ఉన్నప్పుడే పేలుడు కలుగును. నిండుగనున్న ట్యాంకులో ఆవిరి ఇంతకన్న చిక్కన. అందుచే లోపల పేలదు. ఖాళీచేసిన నలుబది లీటర్ల ట్యాంకు అట్లు కాదు. అందు పేలుడుమిశ్రమము తయారగుటకు మిగిలియుండవలసిన పెట్రోలు 3 మిల్లీలీటర్లకు మించదు. మడతలలో చిక్కిన తడియే అందుకు చాలును. ఖాళీ ట్యాంకునకు గ్యాసు వెల్డింగు పెట్టి ప్రాణములు పోగొట్టుకొనుట ఇందువలననే. పెట్రోలావిరి గాలికన్న మూడు నాలుగురెట్లు బరువైనది గనుక, షెడ్డులోని సర్వీసింగు గుంతలో దిగి నిలుచును. పైన వాసన లేకున్నను గుంతలో ప్రమాదముండును. కావున ఈ పని గుంతమీద గాక ఆరుబయట చేయవలెను. బ్యాటరీ నెగెటివు తీగ ముందుగ విప్పవలెను. బీడీ, సిగరెట్టు, గ్రైండరు దగ్గరకు రానీయరాదు. పొడి అగ్నిమాపకమో, ఇసుక బక్కెట్టో చేరువ నుండవలెను. గొట్టము నోటబెట్టి పెట్రోలు పీల్చు అలవాటును పూర్తిగ మానవలెను. పొరపాటున ఊపిరితిత్తులలోనికి పోయిన కొద్దిపాటి పెట్రోలు తీవ్రమైన నిమ్ము కలిగించును. చేతిపంపుగల గొట్టము చౌకగ దొరకుచుండగ ఆ సాహసమేల?

ట్యాంకు శుద్ధి

పాత పెట్రోలునంతటిని లోహపు డబ్బాలోనికి దింపి, కొంత గాజుసీసాలో పట్టి వెలుతురునకు చూపుడు. తేటగ నుండి, అడుగున పొర లేకున్న కొంత నయము. ముదురు గోధుమవన్నె తిరిగి, అడుగున వేరొక ద్రవమో తుప్పుపొడియో కనబడినచో ట్యాంకును బండినుండి దింపక తప్పదు.

దింపిన ట్యాంకును సబ్బునీటితో పలుమార్లు కడిగి వాసన పోగొట్టిన తరువాత, లోపలి తుప్పు మీదికి పోవలెను. బాత్రూములు కడుగు యాసిడ్ పోయుట మెకానిక్కులలో కొందరి సులభోపాయము. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లము. తుప్పును క్షణములో కరగించుట నిజమే గాని, ఇనుమును కూడ తినును, గుంటలలో చిక్కిన క్లోరైడు కడిగినను పోక, నెల తిరుగకముందే తుప్పును మరల రప్పించును. ఇంతకన్న సాధువైనది కిరాణా దుకాణములలో నిమ్మ ఉప్పు పేర దొరకు సిట్రిక్ ఆమ్లము. లీటరు గోరువెచ్చని నీటికి 50 మొదలు 100 గ్రాముల వంతున కలిపి ట్యాంకు నింపినచో, సిట్రేటు అణువు ఇనుప అయానును చుట్టి పట్టుకొని నీటిలోనికి తెచ్చును. ఇంటిలో రాగి, ఇత్తడి పాత్రలను చింతపండుతో తోముట వెనుకనున్న రసాయనమును ఇట్టిదే. అచ్చట పనిచేయునది టార్టారిక్ ఆమ్లము. గులకరాళ్లో నట్టులో లెక్కపెట్టి వేసి ట్యాంకును కుదిపినచో పొరలుపొరలుగ లేచిన తుప్పు త్వరగ ఊడును. వేసినవన్నియు బయటికి వచ్చినవా యని మరల లెక్కపెట్టుట మరువరాదు. ఆమ్లము శుద్ధ ఇనుమును తాకినప్పుడు హైడ్రోజను వెలువడును గనుక ఆ సమయమునను మూత బిగింపరాదు, నిప్పు చూపరాదు.

ఈ జిల్లాలలో అనేకచోట్ల బోరునీరు కఠినజలము. అందలి కాల్షియము సిట్రేటుతో కలిసి తెల్లని మడ్డిగ దిగును. వాననీరో, శుద్ధిచేసిన నీరో వాడుట మేలు. పిమ్మట వంటసోడా కలిపిన నీటితో ఆమ్లశేషమును విరిచి, మంచినీటితో కడిగి, వెనువెంటనే ఆరబెట్టవలెను. తుప్పు తీసిన ఇనుము నగ్నముగ నుండుటచే గంటలలో ఎర్రబారును. పాలమూరు వేసవి యెండ ఈ ఒక్క పనికి మాత్రము పరమోపకారి. ఆరిన ట్యాంకులో కొంచెము టూటీ నూనె కలిపిన పెట్రోలు పోసి అన్నివైపుల త్రిప్పినచో తాత్కాలిక రక్షణ యేర్పడును. సూదిబెజ్జములున్నచో, పూర్తిగ కడిగి ఆరిన పిదపనే, పెట్రోలునకు చెడని ఎపాక్సీతో పూడ్చుట ఇంటివారికి తగిన మార్గము. గ్యాసు మంట పని ఆ విద్య తెలిసినవారికే విడువవలెను.

గొట్టములు, ఏసీ పంపు

ఛాసిస్ వెంబడి పోవు ఇనుప గొట్టమును రెండు కొసల విప్పి, కంప్రెసరు గాలిని ఇంజను వైపునుండి ట్యాంకు వైపునకు కొట్టవలెను. ప్రవాహమునకు ఎదురుగ కొట్టిననే చిక్కుకొన్న మడ్డి వెనుకకు వచ్చును. రబ్బరు గొట్టములను పరీక్షించుట వ్యర్థము, అన్నింటిని మార్చవలెను. ఏలయన రబ్బరు లోపలినుండి చెడును. పాత నైట్రైలు రబ్బరు ఆల్కహాలునకు ఉబ్బి, మెత్తబడి, లోపలి పొర ఊడి, పెట్రోలు ప్రవాహమునకు తలుపువలె అడ్డుపడుటయు కలదు. బయట చూచిన నల్లగ నిగనిగలాడుచుండును. ఫ్లూరిను గల రబ్బరుతో చేసినవి ఆల్కహాలునకు ఓర్చును. ధర హెచ్చైనను ఇ20 కాలమున అవియే శరణ్యము.

మన మెకానిక్కులు ఏసీ పంపు అని వ్యవహరించు యాంత్రిక పంపులో, కామ్ షాఫ్టు తాకిడికి ఊగు ఒక లీవరు, రబ్బరుపూత గుడ్డతో చేసిన డయాఫ్రమును పైకి క్రిందికి లాగును. అది పుట్టించు పీడనము స్వల్పము, వాతావరణ పీడనములో నాలుగవవంతు మాత్రము. ఎండిన డయాఫ్రము పగిలినచో పెట్రోలు రోడ్డు మీద గాక ఇంజను ఆయిలులో పడును. ఆయిలు పలుచనై బేరింగులు అరిగిపోవును. డిప్‌స్టిక్ తీసి వాసన చూచుట, ఆయిలు మట్టము కారణము లేక పెరిగినదేమో గమనించుట, ఇందుకు సులభపరీక్షలు. వేసవిలో ఈ పంపునకు తడిగుడ్డ చుట్టుట పాత అంబాసిడరు డ్రైవరుల నిత్యవిధి. గొట్టములోనే పెట్రోలు ఆవిరియై బుడగలు కట్టుటను ఆ తడి చల్లదనము నివారించును. శాస్త్రమెరుగని ఉపాయమని దానిని నవ్విపారవేయరాదు.

కార్బురేటరు: నూరవవంతు మిల్లీమీటర్ల లెక్క

ఎగువ శుద్ధమైన తరువాతనే కార్బురేటరు విప్పవలెను. ఇందలి ఇత్తడి జెట్లమీద చెక్కిన అంకె, సోలెక్సు జాతి కార్బురేటర్లలో, రంధ్రవ్యాసమును నూరవవంతు మిల్లీమీటర్లలో తెలుపును. 120 యనగా 1.20 మిల్లీమీటర్లు. బంక గోడచుట్టు 0.05 మిల్లీమీటరు మందమున పట్టినదనుకొందము. మెయిన్ జెట్టు 1.20 నుండి 1.10కి తగ్గును, వైశాల్యములో నష్టము 16 శాతము. అదే పూత 0.50 మిల్లీమీటర్ల స్లో జెట్టునకు పట్టినచో వ్యాసము 0.40 అగును, నష్టము 36 శాతము. మూలబడిన బండి యాక్సిలరేటరు తొక్కినప్పుడు పరుగెత్తి, కాలు తీసినంతనే ఆగిపోవుటకు కారణ మిందులోనే కలదు. రంధ్రము చిన్నదైన కొలది అదే పూత దానికి అధిక హాని చేయును.

ఈ లెక్కయే మరియొక నీతిని బోధించును. మూసికొనిన జెట్టును సైకిలు చువ్వతోనో ఉక్కు తీగెతోనో పొడిచి, 0.50ని 0.55గ పెంచినచో, పెట్రోలు 21 శాతము అదనముగ పోవును. ఆ బండి జన్మాంతము పొగ వదలును, మైలేజీ ఇయ్యదు. జెట్లను కార్బురేటరు క్లీనరులో నానబెట్టి గాలి కొట్టవలెను; తప్పనిసరియైనచో నైలాను పోగును దూర్చవలెను. ఇత్తడి ఫ్లోటును వేడినీటిలో ముంచి చూడుడు. సన్నని పగులున్నచో లోపలి గాలి వేడికి వ్యాకోచించి బుడగలుగ వెలువడును. పగిలిన ఫ్లోటు పెట్రోలు నింపుకొని మునిగి, నీడిల్ వాల్వును మూయలేక, కార్బురేటరును పొంగించి పెట్రోలును ఇంజనుమీద పారించును. నిప్పునకు అంతకన్న ఆహ్వానమేమున్నది?

ఇక ఇ20 విషయము. పెట్రోలు కిలో ఒకటి మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. ఇ20నకు దాదాపు 13.5 చాలును. వెనుకటి పెట్రోలునకు లెక్కించి అమర్చిన జెట్టు, ఇ20ని పోసినప్పుడు, ఇంజనునకు సుమారు 8 శాతము తక్కువ ఇంధనము నిచ్చినట్లగును. వైశాల్యము 8 శాతము పెరుగుటకు వ్యాసము 4 శాతము పెరిగిన చాలును గనుక, 1.20 స్థానమున 1.25 జెట్టు వేసిన ఈ లోటు ఇంచుమించు పూడును. ఆధునిక ఇంజెక్షను కారులలో ఆక్సిజను సెన్సరు ఈ సవరణను తానే చేయును. పాత బండికి మనమే చేయవలెను.

ఇంజెక్షను, డీజిలు బండ్లు

మారుతి 800నకు 2000 ప్రాంతమున ఇంజెక్షను పద్ధతి వచ్చినది. ఇట్టి కారులలో విద్యుత్పంపు ట్యాంకులోనే మునిగి పనిచేయును. పెట్రోలే దానికి చల్లదనము. పొడి ట్యాంకుతో, లేక బంక పట్టిన పెట్రోలుతో తాళము త్రిప్పినచో అది పట్టివేయును. క్రమము మాత్రము మారదు: ట్యాంకు, పంపు, ఫిల్టరు, చివరకు ఇంజెక్టర్లు.

జీపులు, ట్రాక్టర్లలోని డీజిలు ఆవిరిగ పోదు. అయితే అడుగున నీరు చేరినచోట, నీటికిని డీజిలుకును మధ్యనున్న సరిహద్దులో శిలీంధ్రములు, సూక్ష్మజీవులు పెరిగి నల్లని జిగురును కట్టును. డీజిలు పంపులోని భాగముల నడుమ ఎడము మిల్లీమీటరులో వేయవవంతులలో నుండుటచే, అందు దూరిన తుప్పురేణువు అతివ్యయకరమైన మరమ్మతును తెచ్చును. ట్యాంకు కడిగి, ఫిల్టర్లు మార్చి, గొట్టములలోని గాలిని స్క్రూ వదలుచేసి తీసిన తరువాతనే స్టార్టు చేయవలెను.

మొదటి స్టార్టు

అన్నియు బిగించిన పిదప, పంపునకు ముందు పారదర్శకమైన చిన్న ఫిల్టరు నొకదానిని చేర్చుడు. కొన్ని రోజులు దానిని చూచుచుండుటయే మంచి పరీక్ష: అది ఎర్రబడినచో ట్యాంకులో తుప్పు ఇంకను మిగిలియున్నది, అడుగున బుడగవలె నీరు నిలిచినచో మూత వాషరు పని మిగిలియున్నది, తేటగనే యున్నచో మీ శ్రమ ఫలించినది. ప్లగ్గులు తీసి సిలిండర్లలో కొద్దిగ ఆయిలు వేసి, ఇంజనును చేతితో త్రిప్పి, కదలుచున్నదని నిశ్చయించుకొనిన మీదటనే సెల్ఫు నొక్కవలెను. మొదటిమారు ఐదారు లీటర్లకు మించి పోయవలసిన పనిలేదు. ఎక్కడైన కారినను నష్టము తక్కువ.

దింపిన పాత పెట్రోలును కాలువలోనో, వాడని బావిలోనో, పెరటి మూలలోనో పారబోయరాదు. అందలి బెంజీను క్యాన్సరు కారకము. కృష్ణా తుంగభద్రల నేలలోను, ఊరి బోరులలోను ఒకమారు దిగినదానిని తీయుట ఎవరి తరమును కాదు. మూత బిగిసిన లోహపు డబ్బాలో నీడను ఉంచి, వ్యర్థ తైలములను తీసికొను అనుమతిగలవారికి అప్పగింపవలెను. పెట్రోలియము చట్టము సొంత అవసరమునకు లైసెన్సు లేకుండ 30 లీటర్ల వరకే నిలువ నుంచుకొననిచ్చుచున్నది. అదియైనను వంటయింటి చేరువను తగదు.

ఇక బండిని మరల మూలబడవేయక తప్పని వారికి ఒక మాట. కార్బురేటరులోని పెట్రోలు అయిపోవువరకు ఇంజనును నడిపి ఆపుడు. ఆరునెలలు మించి నిలుపునట్లయిన ట్యాంకును పూర్తిగ వట్టిచేసి, నూనె పట్టించి, మూతకు కొత్త వాషరు వేయుడు. పెరటిలో తాతగారి కారున్నవారు, తాళము చేతబట్టుటకు ముందు స్పానరు చేతబట్టి ట్యాంకు క్రిందికి దూరుడు. పది రూపాయల వాషరు, తగినంత నిమ్మ ఉప్పు, రెండు దినముల ఓపిక వెచ్చించినవాడు, నెలకొకమారు కార్బురేటరు విప్పించుకొనువానికన్న ముందుగను, తక్కువ ఖర్చుతోను రోడ్డెక్కును.